చెవిలో గులిమి తీయించుకోవాలంటే: ఇంట్లో వేసే చుక్కల నుంచి కుర్చీ దిగేదాకా

చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి దగ్గర వినికిడి పరీక్షలు చేయడం నా పని. ఊరు కోనసీమలో ఒకటి అనుకోండి, చాలు. మాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే: "చెవి దిబ్బడేసిందండీ, గులిమి తీయించుకోవాలి, ఇప్పుడు బయల్దేరి వచ్చేయమంటారా?" చాలామందికి నేను చెప్పేది, "ఆయ్, రండి గానీ ఇవాళ కాదండీ, ముందు నాలుగు రోజులు చుక్కలు వేసుకోండి" అని. అది వినగానే అవతలివాళ్లకి చిరాకు. కానీ మలికిపురం నుంచో ముమ్మిడివరం నుంచో బస్సెక్కి వచ్చి, గంటన్నర బెంచీ మీద కూర్చుని, "బాగా గట్టిగా ఉంది, మెత్తబడ్డాక రండి" అనిపించుకుని తిరిగి వెళ్లడం కన్నా ఆ చిరాకే నయం కదా. కుర్చీలో కూర్చున్నాక జరిగేది పది, పదిహేను నిమిషాల పని. అది సుఖంగా జరుగుతుందా, కళ్లలో నీళ్లు తిరిగేలా జరుగుతుందా అన్నది మాత్రం మీరు ఇంటి దగ్గర ఏం చేసి వచ్చారు, డాక్టరు గారికి ఏం చెప్పారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. ఫోనులో అంతా చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

గులిమి మురికి కాదు. చెవి దారిలో బయటివైపు చర్మం ఊరించే జిడ్డు, రాలిన చర్మపు పొట్టు, దుమ్ము కలిసి అదవుతుంది. నీటినీ దుమ్మునీ పురుగునీ లోపలికి పోకుండా ఆపడమే దాని పని. పెద్దవాళ్లలో చెవి దారి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు, దాని చివర కర్ణభేరి. ఆ దారిలో చర్మం మెల్లగా బయటికే జరుగుతూ వస్తుంది, నమిలేటప్పుడు మాట్లాడేటప్పుడు దవడ కదలిక దానికి తోడవుతుంది, గులిమి దానంతటదే బయటికొచ్చి రాలిపోతుంది. అందుకని చెవి మూసుకుపోకుండా, ఏ ఇబ్బందీ లేకుండా ఉంటే తీయించుకోవాల్సిన అవసరమే లేదు. ఎలాగూ టౌనుకి వచ్చాం కదా, ఓసారి క్లీన్ చేయించుకుపోదాం అనుకునేవాళ్లను మా డాక్టరు గారు చెవిలోకి చూసి, బాగానే ఉంది వెళ్లిరండి అని పంపేస్తారు. డబ్బులిస్తామన్నా తీయరు. ఆయన పద్ధతే సరైనదని నా ఉద్దేశం.

ముందు ఇది గులిమేనా?

గులిమి అడ్డం పడితే మామూలుగా కనిపించేవి: ఒక చెవి దిబ్బడేసినట్టుండటం, మీ గొంతు మీకే తలలో మోగినట్టు వినిపించడం, హోరు, కాస్త దురద, ఒక్కోసారి పొడి దగ్గు. మన ప్రాంతంలో అయితే కాలవలోనో చెరువులోనో తల ముంచి లేవగానే మొదలవుతుంది. అప్పటిదాకా దారిలో సందు ఉంటుంది, ఆ సందులోంచి వినిపిస్తూ ఉంటుంది, నీళ్లు తగిలి గులిమి ఉబ్బగానే ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. కార్తీకమాసం స్నానాల తర్వాత మా బెంచీ నిండిపోయేది ఇందుకే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడు రద్దీ ఎలా ఉంటుందో ఇప్పటినుంచే ఊహించుకోవచ్చు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని "మ్మ్మ్" అని కాసేపు శబ్దం చేయండి. దిబ్బడేసిన చెవిలోనే ఆ శబ్దం గట్టిగా వినిపిస్తే అడ్డం ఏదో బయటివైపే ఉందనుకోవచ్చు. అలా కాకుండా బాగున్న చెవిలోనే గట్టిగా వినిపిస్తూ, రెండో చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోయి ఉంటే, దాన్ని గులిమి అనుకుని ఇంట్లో కూర్చోకండి. నరానికి వచ్చే చెవుడు ఇలాగే రాత్రికి రాత్రి వస్తుంది. దానికి స్టెరాయిడ్ మందు తొందరగా మొదలుపెడితేనే గుణం, వారాలు గడిచేకొద్దీ అవకాశం తగ్గిపోతుంది. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు నమ్మదగింది కాదు, అందుకని ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే పరీక్షలో ఏం తేలినా చుక్కలు, ఎదురుచూపులు వద్దు, ఆ రోజో మర్నాడో డాక్టరుకి చూపించేయండి.

చెవిలోంచి చీము గానీ రక్తం గానీ కారుతున్నా, గట్టి పోటు, జ్వరం ఉన్నా, గిర్రున తిరుగుతున్నట్టున్నా, మూతి ఓ పక్కకి లాగినట్టున్నా ఇదే మాట: ఏ చుక్కలూ వేయకుండా రండి. పిల్లలు చెవిలో ఏదైనా పెట్టుకున్నా అంతే. వడ్లగింజ, పెసరగింజ లాంటివి తడి తగిలితే ఉబ్బి ఇరుక్కుపోతాయి, కాబట్టి నీళ్లు పోయకూడదు. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, రాత్రయినా సరే బయల్దేరాలి. బతికున్న పురుగు దూరితే మాత్రం, కర్ణభేరికి చిల్లు లేదని తెలిసుంటే, రెండు చుక్కల నూనె వేస్తే అది ఆగిపోతుంది, నొప్పి నెమ్మదిస్తుంది. తర్వాత వచ్చి తీయించుకోవచ్చు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- గులిమి మెత్తబరిచే చుక్కలు. మందుల షాపులో సోడా బైకార్బ్ గ్లిజరిన్ చుక్కలు అడగండి, లేదా మీ డాక్టరు రాసిచ్చినవి. ఇవి లేకపోతే ఆలివ్ నూనె గానీ బాదం నూనె గానీ. వేరుశనగ, జీడిపప్పు లాంటివి పడనివాళ్లు బాదం నూనె జోలికి వెళ్లొద్దు.
- శుభ్రమైన పాత మెత్తటి గుడ్డ, కాస్త దూది.
- మీరు రోజూ వేసుకునే మందుల చీటీ. మందుల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ అట్టలు పట్టుకొచ్చినా సరే.
- పాత వినికిడి పరీక్ష కాగితం, చెవి ఆపరేషన్ కాగితాలు ఉంటే అవి.
- వినికిడి మిషను వాడేవాళ్లయితే ఆ మిషను.
- తోడు ఒక మనిషి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఎలా చేయాలి

1. ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఏ తంటా లేదు. ప్రభుత్వంలో అయితే కాకినాడ జీజీహెచ్‌లో, రాజమండ్రి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఈఎన్‌టీ విభాగాలున్నాయి, ఓపీ చీటీకి పొద్దున్నే చేరుకోవాలి. సఖినేటిపల్లి వైపు వాళ్లు పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్తారు, మధ్య డెల్టా వాళ్లకి అమలాపురం, అవతల ఒడ్డు వాళ్లకి పాలకొల్లు, భీమవరం దగ్గర. వినికిడి మిషన్లు అమ్మే సెంటరుకి వెళ్తుంటే మాత్రం రెండు ప్రశ్నలు ముందే ఫోనులో అడగండి: గులిమి తీసేది ఎవరు, ఆడియాలజిస్టుకి, అంటే వినికిడి నిపుణులకి, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు ఉందా? వాళ్లు దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకుని రమ్మంటే విసుక్కోకండి, తెలిసినవాళ్లు చెప్పే మాటే అది. ఫీజు ఒక చెవికా రెండింటికా, చూసినందుకు వేరే తీసుకుంటారా అన్నది కూడా అప్పుడే అడిగేయండి, తర్వాత కౌంటరు దగ్గర మాటామాటా రాకుండా.

2. మీకు చుక్కలు వేసుకోవచ్చో లేదో చూసుకోండి. కర్ణభేరికి చిల్లు ఉందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే, చిన్నప్పుడు చెవి చీము కారి ఉంటే, చెవికి ఆపరేషన్ అయి ఉంటే, పిల్లలకి చెవిలో గొట్టం పెట్టి ఉంటే ఇంట్లో ఏమీ వేయకండి. నేరుగా వచ్చి చూపించుకోండి. వినిపించేది ఒక్క చెవే అయి, ఆ చెవే మూసుకుపోయినా అంతే.

3. చుక్కలు వేయడం. చదవడానికి ఇదేం పెద్ద పని అనిపిస్తుంది గానీ సగం మంది తప్పు చేసేది ఇక్కడే. సీసాను పిడికిట్లో పట్టుకుని ఒకట్రెండు నిమిషాలు ఉంచండి, ఒంటి వేడికి వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా వేస్తే కళ్లు తిరుగుతాయి. స్టవ్ మీద పెట్టి వేడి చేయొద్దు. మూసుకుపోయిన చెవి పైకి వచ్చేలా పక్కకి తిరిగి పడుకోండి. వేసేవాళ్లు చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగాలి, అప్పుడు దారి తిన్నగా అవుతుంది. మూడేళ్లలోపు పిల్లలకైతే కిందికీ వెనక్కీ. నాలుగైదు చుక్కలు, సీసా మూతి చెవికి తగలకుండా, గోడ వారగా జారేలా వేయండి. చెవి రంధ్రం ముందు చిన్న బుడిపె ఉంటుంది చూడండి, దాన్ని వేలితో మెల్లగా నాలుగుసార్లు నొక్కి వదలండి, చుక్కలు లోపలికి దిగుతాయి. ఐదు నిమిషాలు అలాగే పడుకోవాలి. చాలామంది వేసుకోగానే లేచి కూర్చుంటారు, చుక్కలన్నీ మెడ మీదకి కారిపోతాయి, ఆపైన "నాలుగు రోజులు వేశానండీ, ఏమీ మెత్తబడలేదు" అంటారు. లేచాక బయటికి కారినది గుడ్డతో తుడుచుకోండి, దూది లోపలికి కుక్కకండి, మందంతా అదే పీల్చేస్తుంది.

   రోజుకి రెండు మూడుసార్లు, మూడు నుంచి ఐదు రోజులు. రెండో రోజుకి చెవి ఇంకా ఎక్కువ దిబ్బడేసినట్టు అనిపిస్తుంది. గులిమి నాని ఉబ్బుతోందన్నమాట. ఆ రోజు మాకు కచ్చితంగా ఫోను వస్తుంది, ఉన్నది కూడా పోయిందని. కంగారు పడకండి, అలాగే కొనసాగించండి. మంట, పోటు, గొంతులోకి చేదుగా దిగడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే ఆపేయండి. గొంతులోకి దిగిందంటే కర్ణభేరికి చిల్లు ఉండి ఉండొచ్చు, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కొంతమందికి ఈ చుక్కలతోనే గులిమి కరిగి బయటికొచ్చేస్తుంది, చెవి విడిపోతుంది. అప్పుడిక రానక్కర్లేదు.

4. కుర్చీలో కూర్చునే ముందు నోరు విప్పి చెప్పాల్సినవి. షుగరు ఉందా, రక్తం పలచబడే మందులు వేసుకుంటున్నారా, చెవికి ఇంతకుముందు ఏమైనా అయిందా, ఇంతకుముందు చెవి కడిగించుకున్నప్పుడు కళ్లు తిరిగాయా. షుగరు మాట ఎందుకంటే, షుగరు అదుపులో లేనివాళ్లకి చెవిలో చిన్న గాటు పడి నీళ్లు చేరితే వచ్చే ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకగలదు, ముఖ్యంగా పెద్ద వయసులో. ఆ విషయం చెబితే డాక్టరు నీళ్లతో కడగకుండా పొడిగా తీసే పద్ధతి ఎంచుకుంటారు. పెద్దవాళ్లు ఈ విషయం దాస్తారు. "చెవికీ షుగరుకీ ఏం సంబంధం అమ్మాయ్?" అని నన్నే ఎదురడిగిన తాతగారు ఒకాయన ఉన్నారు. సంబంధం ఉంది తాతగారూ. ఇంకో మాట, మీరు పిన్నీసుతో కెలుక్కుని ఉంటే అదీ చెప్పండి. ఎవరూ తిట్టరు, లోపల గీసుకుపోయిన చోటు ఎక్కడుందో వాళ్లకి ముందే తెలిస్తే మంచిది.

5. పద్ధతి ఏదో అడగండి. ఉన్నవి మూడు.

   ఒకటి, నీళ్లతో కడగడం. ఒంటి వేడి ఉన్న నీళ్లు, అంటే 37 డిగ్రీల దగ్గర, పిచికారీతో చెవి దారి గోడ వారగా కొడతారు. ఆ నీళ్లు వెనక్కి తిరిగొస్తూ గులిమిని తోసుకొస్తాయి. చెవి కింద కిడ్నీ ట్రే, అంటే వంపు తిరిగిన చిన్న పళ్లెం, మీ చేతికే ఇచ్చి పట్టుకోమంటారు, దవడకి ఆనించి గట్టిగా పట్టుకోకపోతే చొక్కా తడిసిపోతుంది. నీళ్లు మరీ చల్లగా ఉన్నా మరీ వేడిగా ఉన్నా గది మొత్తం తిరిగిపోయినట్టుంటుంది, అందుకని మొదటి చుక్క తగలగానే చల్లగా అనిపిస్తే ఆపమని చెప్పండి. చిల్లు ఉన్నవాళ్లకి, ఆపరేషన్ అయినవాళ్లకి, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు.

   రెండు, సక్షన్. మైక్రోస్కోపులోంచో తలకి కట్టుకున్న లైటుతోనో చూస్తూ సన్నటి గొట్టంతో పీల్చేస్తారు. చెవి పొడిగా ఉంటుంది, ఏం జరుగుతోందో డాక్టరుకి కళ్ల ముందే కనిపిస్తుంది, చిల్లు ఉన్నవాళ్లకి కూడా చేయొచ్చు. మా దగ్గర ఎక్కువ మందికి ఇదే చేస్తారు, నాకు తెలిసినంతలో ఇదే మేలు. ఇబ్బందల్లా శబ్దం. గర్రుమని చెవిలోనే మోటారు పెట్టినట్టుంటుంది, లోపల గాలి చల్లబడి ఒక్కోసారి కాస్త తిరిగినట్టూ ఉంటుంది. ముందే తెలిస్తే భయపడరు, తెలియకపోతే తల లాగేస్తారు, అప్పుడు గొట్టం గీసుకుంటుంది.

   మూడు, చిన్న కొక్కెంతోనో పట్టుకారుతోనో తీయడం. గులిమి గట్టి పెళ్లలా ఉండి దారి మొదట్లోనే ఉంటే ఇది నిమిషంలో అయిపోతుంది. మెత్తబడిన ముద్దకి ఇది కుదరదు. చాలాసార్లు రెండు పద్ధతులూ కలిపి చేస్తారు.

6. పరికరాలు శుభ్రం చేసినవేనా అని అడగడానికి మొహమాటపడకండి. చెవిలో పెట్టే గరాటు లాంటి ముక్క మీ ముందే మార్చాలి. ముందు మనిషికి వాడినదే తుడిచి మీకు పెడుతుంటే వద్దనండి.

7. కుర్చీలో ఎలా ఉండాలంటే: నొప్పి పుడితే చెయ్యి ఎత్తుతానని ముందే చెప్పుకోండి, తల మాత్రం కదపొద్దు, మాట్లాడొద్దు. చెవిలో పరికరం పెట్టగానే దగ్గొస్తుంది కొందరికి, చెవి దారిలోకి వచ్చే నరానికీ గొంతుకీ సంబంధం ఉండటం వల్ల. దగ్గొచ్చేలా ఉంటే చెయ్యెత్తండి, ఆపుతారు, దగ్గేసి మళ్లీ కూర్చోవచ్చు. ఒత్తిడి తెలియడం మామూలే, కొద్దిగా లాగినట్టుండటమూ మామూలే. కత్తితో పొడిచినట్టు నొప్పి మాత్రం మామూలు కాదు. అది ఓర్చుకోవడం గొప్ప కాదు, ఆపమనండి.

   పిల్లల్ని అమ్మ ఒళ్లో పక్కకి కూర్చోబెట్టి, ఒక చెయ్యి పిల్లాడి తల చుట్టూ, ఇంకో చెయ్యి వాడి చేతుల చుట్టూ వేసి పట్టుకోవాలి. నలుగురు పట్టుకుని అదిమిపెట్టి తీయించడం వద్దు. ఆ రోజు కుదరకపోతే ఇంకో నాలుగు రోజులు చుక్కలు వేసి మళ్లీ తీసుకురండి. ఒకసారి బెదిరిపోయిన పిల్లాడు తర్వాత టార్చిలైటు చూసినా ఏడుస్తాడు.

8. ఒకే రోజు మొత్తం రాకపోతే గొడవపెట్టుకోకండి. "అంత డబ్బు తీసుకుని సగమే తీశారు" అని బయట బెంచీ మీద అనుకుంటుంటారు. ఏళ్ల తరబడి గట్టిపడి, కర్ణభేరికి అతుక్కుపోయిన గులిమిని ఒక్కసారే లాగేస్తే చర్మం ఊడొస్తుంది. సగం తీసి, మిగతాదానికి చుక్కలిచ్చి వారం తర్వాత రమ్మన్న డాక్టరే జాగ్రత్తపరుడు.

9. లేచే ముందు రెండు నిమిషాలు కూర్చోండి. ముఖ్యంగా నీళ్లతో కడిగితే. తోడు మనిషి కావాలన్నది ఇందుకే: తల తేలిపోతున్నట్టుండగా బైకెక్కి కాలవ గట్టు రోడ్డు మీద వెళ్లడం ఎంత ప్రమాదమో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. బండి తోడొచ్చినవాళ్లకి ఇవ్వండి.

అయిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ట్రేలో నల్లటి ముద్ద చూసి చాలామంది సంతోషపడిపోయి లేచిపోతారు. నిజమే, చింతపిక్కంత పెళ్ల బయటపడితే ఎవరైనా చూస్తారు, ఫోటోలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్న మాత్రం వేరే ఉంది: "కర్ణభేరి మొత్తం కనిపించిందా అండీ?" ఎంత ముద్ద వచ్చిందన్నది లెక్క కాదు, లోపల ఏం మిగిలిందన్నదే లెక్క. ఎండోస్కోపు (చెవిలోకి చూసే సన్నటి కెమెరా) ఉన్నచోట తెర మీద చూపించమనండి. బాగున్న కర్ణభేరి బూడిదరంగులో మెరుస్తూ, పలచగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నా, చిల్లు కనిపించినా, తెల్లటి పొర మీద నల్లటి చుక్కలు కనిపించినా అక్కడే అడగండి. ఆ నల్లచుక్కలు ఫంగస్. మన తేమ వాతావరణంలో అది మామూలే, గులిమి వెనకాల దాక్కుని ఉంటుంది, దానికి మందు వేరు.

ఇక వినికిడి. క్లినిక్‌లోనే ఒక్కో చెవి మూసుకుని, రెండో చెవి దగ్గర వేళ్లు రుద్దుకుని చూసుకోండి, రెండు వైపులా ఒకేలా ఉందా? ఇంటికెళ్లాక టీవీ వాల్యూమ్ అంకె చూడండి, తీయించుకోకముందు ఎంతలో పెట్టేవారో ఇంట్లోవాళ్లకి బాగా గుర్తుంటుంది. మొదటి రోజు ఫ్యాను చప్పుడు, పళ్లెం చప్పుడు కూడా చిర్రెత్తించేలా వినిపిస్తాయి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

గులిమి మొత్తం పోయినా వినికిడి రాలేదంటే కారణం వేరే ఉందన్నమాట. అప్పుడు ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోవాలి. రైస్ మిల్లులో ఏళ్లుగా పనిచేసినవాళ్లకి, జనరేటరు పక్కన ఉండేవాళ్లకి నరమే దెబ్బతిని ఉండొచ్చు, అలాంటప్పుడు ఎన్నిసార్లు గులిమి తీయించినా పోయిన వినికిడి తిరిగి రాదు. ఇక్కడ ఒక హెచ్చరిక: చెవిలో గులిమి ఉండగా చేసిన వినికిడి పరీక్ష లెక్కలోకి రాదు, ఉన్నదానికన్నా ఎక్కువ చెవుడు చూపిస్తుంది. ఆ కాగితం పట్టుకుని వేలకి వేలు పోసి మిషను కొనుక్కుని, దాన్ని బీరువాలో పెట్టేసిన పెద్దవాళ్లను చూశాను. మీ అమ్మగారికో నాన్నగారికో మిషను కావాలని ఎవరైనా అంటే, "ముందు చెవిలోకి చూశారా, శుభ్రంగా ఉందా?" అని అడిగి, ఆ తర్వాతే పరీక్షకి కూర్చోబెట్టండి.

ఇంటికెళ్లాక

రెండు మూడు రోజులు చెవిలో నీళ్లు పడనివ్వొద్దు. తలస్నానం చేసేటప్పుడు దూదికి వాజ్‌లైన్ రాసి చెవి బయట పెట్టుకుని, స్నానం కాగానే తీసేయండి. కాలవ స్నానం, చెరువులో దిగడం వారం ఆపండి. రొయ్యల చెరువుల్లో దిగి పనిచేసేవాళ్లకి ఇది కష్టమే, కనీసం తల ముంచకుండా చూసుకోండి. కాస్త పచ్చిగా, నొప్పిగా ఒక రోజు ఉండొచ్చు. నొప్పి తగ్గేది పోయి పెరుగుతున్నా, చీము, రక్తం కారినా, తిరుగుడు ఆగకపోయినా, వచ్చిన వినికిడి మళ్లీ తగ్గినా వెనక్కి రండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఇయర్ బడ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. దాని తలకి అంటిన పసుపు చూసి శుభ్రమైపోయిందనుకుంటారు, అంటింది కొంచెం, లోపలికి కూరుకుపోయింది బోలెడు. బడ్ వాడనివాళ్లలో ఇంత గట్టిగా దట్టించిన గులిమి అరుదుగా చూస్తాం. అగ్గిపుల్ల, బైకు తాళంచెవి, రీఫిల్ సంగతి సరేసరి. ఈ మధ్య ఆన్‌లైన్‌లో కెమెరా ఉన్న చెవి పుల్లలు వస్తున్నాయి, ఫోనులో చూస్తూ తీసుకోవచ్చని. ఫోను తెర మీద లోతు తెలియదు, చెయ్యి జారితే కర్ణభేరి మూడు, నాలుగు మిల్లీమీటర్ల దూరంలోనే ఉండొచ్చు. చూసుకోవడానికి వాడండి, తీయడానికి వద్దు.

నూనె సంగతి. కోనసీమలో పుట్టి కొబ్బరినూనెని కాదంటే ఇంట్లో ఊరుకోరు, తెలుసు. పొయ్యి మీద వేడి చేయకుండా మామూలుగా ఉన్న శుభ్రమైన నూనె రెండు చుక్కలకి గులిమి మెత్తబడుతుంది, అందులో తప్పులేదు. వెల్లుల్లి వేసి కాచి, చల్లారకుండానే పోయడం, చీము కారే చెవిలో పోయడం, ఆకు పసర్లు పిండడం, వీటితోనే ఇబ్బంది. కాలిన చెవి దారికి వైద్యం గులిమి తీసినంత సులువు కాదు.

చెవిలో కొవ్వొత్తి గొట్టం పెట్టి వెలిగిస్తే గులిమి పీల్చేస్తుందని వీడియోలు తిరుగుతున్నాయి. పీల్చదు. గొట్టంలో మిగిలే పసుపు ముద్ద ఆ కొవ్వొత్తి మైనమే, పైగా కాలుతుంది. రోడ్డు పక్కన చెవులు శుభ్రం చేస్తామనేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. చేతిలో ముందే దాచుకున్న ముద్ద చూపించడం పాత మోసమే, అదే పుల్ల పదిమంది చెవుల్లో తిప్పడం అంతకన్నా పెద్ద సమస్య.

మళ్లీ ఎప్పుడు?

చాలామందికి మళ్లీ అవసరం పడకపోవచ్చు. కొందరికి ఆరునెలలకో ఏడాదికో తిరిగి పేరుకుంటుంది: చెవి దారి సన్నగా ఉన్నవాళ్లు, దారిలో వెంట్రుకలు ఎక్కువున్న పెద్దవాళ్లు, రోజంతా బ్లూటూత్ ముక్కలు చెవిలో ఉంచుకునేవాళ్లు, వినికిడి మిషను పెట్టుకునేవాళ్లు. మిషను ఉన్నట్టుండి కీచుమంటుంటే మొదట అనుమానించాల్సింది చెవిలో గులిమినే, శబ్దమే రాకపోతే మిషను మూతి దగ్గరున్న చిన్న జల్లెడను. ఆ జల్లెడ నిండిపోతే మిషను చచ్చిపోయిందనుకుని రిపేరుకి పంపేస్తుంటారు. ఆ ముక్క ఇంట్లోనే మార్చుకోవచ్చు, మిషను కొన్నచోట మార్చే పద్ధతి ఒకసారి దగ్గరుండి చూపించమనండి, చూసి వదిలేయకుండా వాళ్ల ముందే మీ చేత్తో ఒకసారి మార్చి చూడండి.